జవాబు యంత్రానిది, పూచీ మనిషిది
ఆదోని పత్తి, ఎమ్మిగనూరు చేనేత వ్యాపారాలలో సామాజిక మాధ్యమాల స్వయంచాలక సేవలు

(ప్రత్యేక వ్యాసం)

కర్నూలు: కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలో పత్తి విపణికి ఆదోని, చేనేతకు ఎమ్మిగనూరు పెట్టింది పేరు. వస్త్ర వ్యాపారం ముమ్మరంగా సాగిన కాలంలో ఆదోనిని రెండవ ముంబయి అని పిలిచేవారు. ఎమ్మిగనూరులో పద్మశ్రీ మాచాని సోమప్ప 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘం ఆ పట్టణం పేరును దూర ప్రాంతాలకు చేర్చింది. ఈ రెండు పట్టణాలలోనూ వ్యాపారం ముఖపరిచయం మీద, ఇచ్చిన మాట మీద నడుస్తూ వచ్చింది. రైతు తన పత్తిని ఏ మండీలో దించవలెనన్న విషయాన్ని ధరతో పాటు ఆ మండీ సావుకారితో తనకు గల పరిచయం కూడా నిర్ణయిస్తుంది. చీర కొనే గృహిణి నేతగాని ఇంటి అరుగు మీద కూర్చుని, మడత విప్పించి, అంచు తిప్పి చూసి గాని ధర అడగదు.

ఇప్పుడు ఆ అరుగు చాలావరకు చేతిలోని ఫోనుకు మారింది. బెంగుళూరు నుండి ఒకరు రాత్రి 11 గంటలకు చీర ఫొటో పంపి ధర అడుగుతారు. కౌతాళం, హొళగుంద మండలాల రైతు తెల్లవారక ముందే ఆ రోజు యార్డులో వేలం ఉన్నదా లేదా అని అడుగుతాడు. దుకాణంలో ఉండేది యజమాని, ఒక గుమాస్తా. ప్రతి సందేశానికి వెంటనే జవాబు చెప్పడం వారి వల్ల కాదు. చెప్పకపోతే బేరం మరొక చోటికి పోతుంది. ఈ కారణంగా వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో లభించే స్వయంచాలక జవాబుల వైపు చిన్న వ్యాపారులు మొగ్గు చూపడం సహజం. ఈ సదుపాయాన్ని ఎక్కడి వరకు వాడవచ్చు, ఎక్కడ ఆపవలెను అన్నది ఈ ప్రాంతపు సరుకు స్వభావాన్ని బట్టి తేలవలసిన విషయం.

సదుపాయం ఏమిటి

చిన్న వ్యాపారుల కొరకు ఉద్దేశించిన వాట్సాప్ బిజినెస్ యాప్ 2018 జనవరిలో భారతదేశంలో అందుబాటులోకి వచ్చింది. దీనికి రుసుము లేదు. మొదటిసారి సందేశం పంపిన వారికి, లేదా 14 రోజులపాటు సంభాషణ లేకుండా మళ్లీ పలకరించిన వారికి, స్వాగత సందేశం దానంతట అదే వెళుతుంది. దుకాణం మూసిన వేళలలో వెళ్లే సందేశం వేరుగా ఉంటుంది. తరచుగా ఇచ్చే జవాబులను ముందే రాసి ఉంచుకుని ఒక్క గుర్తుతో పంపవచ్చు. 2019లో సరుకుల పట్టికను ఫొటోలతో, ధరలతో చూపించే కేటలాగ్ సౌకర్యం తోడయింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పేజీలలో పోస్టులను ముందుగా సిద్ధం చేసి నిర్ణీత సమయానికి వెలువడేలా చేయడానికి మెటా బిజినెస్ సూట్ ఉపయోగపడుతుంది.

పెద్ద సంస్థలకు మరొక మార్గం ఉన్నది. అది వాట్సాప్ బిజినెస్ ప్లాట్‌ఫాం. దీనిలో సందేశాలను కంప్యూటర్ కార్యక్రమమే నడుపుతుంది. కొనుగోలుదారు సందేశం పంపిన తరువాత 24 గంటల వరకు సంస్థ తన మాటలలో జవాబు చెప్పవచ్చు. ఆ గడువు దాటితే ముందుగా ఆమోదం పొందిన నమూనా సందేశాన్ని మాత్రమే పంపవలెను. ఇటువంటి నమూనా సందేశాలకు 2025 జూలై 1 నుండి సందేశానికి ఇంత అని రుసుము లెక్కిస్తున్నారు. స్వయంచాలక జవాబులను వాడే సంస్థ, కోరిన వారిని వెంటనే మనిషి వద్దకు చేర్చే స్పష్టమైన మార్గాన్ని తప్పక ఉంచవలెనని వాట్సాప్ విధానంలోనే ఉన్నది. ఈ నిబంధనను చాలామంది చదవరు. వ్యాపారానికి మేలు చేసే నిబంధన ఏదైనా ఉన్నదంటే అది ఇదే.

రాష్ట్రంలో ప్రభుత్వమే ఈ మార్గాన్ని పెద్ద ఎత్తున చేపట్టింది. 2024 అక్టోబరు 22న మెటా సంస్థతో అవగాహన ఒప్పందం కుదుర్చుకుని, 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్ పాలనను ప్రారంభించింది. తొలి దశలో 161 సేవలను 95523 00009 నంబరు ద్వారా అందుబాటులో ఉంచింది. ధ్రువపత్రానికి దరఖాస్తు, బిల్లు చెల్లింపు, దేవస్థానాలలో సేవల నమోదు వంటివి వీటిలో ఉన్నాయి. వీటిలో ఎక్కువ సేవలకు ఒక సామ్యం గలదు. అడిగేది ఎవరైనా జవాబు ఒకే పద్ధతిలో ఉంటుంది, దానికి ఆధారమైన రికార్డు ముందే కంప్యూటరులో ఉంటుంది. ఎమ్మిగనూరు చీరకు, ఆదోని పత్తికి ఈ రెండు లక్షణాలూ పూర్తిగా వర్తించవు. చిక్కంతా అక్కడే ఉన్నది.

ఒక్కటే చీర

మిల్లు వస్త్రమైతే ఒకే రంగు, ఒకే అంచు గలవి వందల సంఖ్యలో ఉంటాయి. ఒకటి అమ్ముడుపోతే మరొకటి ఉంటుంది. చేనేతలో అట్లా కాదు. ఒక పడుగు మీద దిగేవి కొద్ది చీరలే. వాటిలోనూ పేట రంగు, కొంగు మార్చి నేసినప్పుడు ప్రతి చీర విడి చీరే అవుతుంది. ఎమ్మిగనూరు, గుడేకల్, నాగలదిన్నె వంటి చోట్ల మాస్టర్ వీవర్ వద్ద ఉన్న చీర ఫొటో కేటలాగులో కనిపిస్తూ ఉండగానే ఆ చీర ఉదయమే ఇంటికి వచ్చిన కొనుగోలుదారు చేతికి వెళ్లిపోయి ఉండవచ్చు. అప్పుడు యంత్రం “అవును, అందుబాటులో ఉన్నది, డబ్బు పంపండి” అని చెబితే అది అబద్ధం అవుతుంది. అబద్ధం చెప్పినది యంత్రమని కొనుగోలుదారు సర్దుకోదు. పెళ్లి ముహూర్తం దగ్గర పెట్టుకుని డబ్బు పంపినామె దృష్టిలో మాట తప్పినది ఆ నేత కుటుంబమే.

కనుక సరుకు ఉన్నదా లేదా అనే ప్రశ్నకు చేనేతలో యంత్రం జవాబు చెప్పకుండా ఉండడమే మంచిది. అది చెప్పదగిన మాట ఈ విధంగా ఉండవచ్చు: “నమస్కారం. ఇది స్వయంచాలక సందేశం. మీరు అడిగిన చీర మా వద్ద ఉన్నదో లేదో చూసి సాయంత్రం 6 గంటల లోపు మేమే చెబుతాము. అప్పటివరకు దయచేసి డబ్బు పంపవద్దు.” ఈ నాలుగు వాక్యాలలో చివరి వాక్యమే అన్నింటికన్నా విలువైనది. డబ్బు వద్దన్న దుకాణాన్ని కొనుగోలుదారు గుర్తుపెట్టుకుంటుంది.

రంగు మరొక సమస్య. దీపపు వెలుగులో తీసిన ఫొటోలో కనిపించే రంగు, పగటి వెలుగులో చీర రంగు ఒకటి కావు. ఒక్కొక్క ఫోను ఒక్కొక్క విధంగా చూపిస్తుంది. తిరిగి పంపే చీరల విషయంలో వచ్చే తగాదాలు చాలావరకు ఇక్కడే పుడతాయి. కేటలాగు ఫొటోతో పాటు, కొనడానికి సిద్ధపడిన వారికి మాత్రం ఎండ పొడలో పట్టుకుని తీసిన చిన్న వీడియో పంపడం ఖర్చు లేని పని. “ఇది మా ఇంటి మగ్గం మీద దిగినది” అని నేసినామె గొంతుతో రెండు మాటలు అందులో వినిపిస్తే ఆ అమ్మకానికి ఏ ప్రకటనా సాటి రాదు. దేశంలో 2019-20లో జరిగిన నాలుగవ చేనేత గణనలో తేలిన 35.22 లక్షల మంది చేనేత కార్మికులలో అధిక సంఖ్యాకులు మహిళలే. నేసిన మనిషి గొంతు వినిపించే అవకాశం పెద్ద దుకాణాలకు లేదు, మగ్గం ఉన్న ఇంటికి ఉన్నది.

అయితే యంత్రానికి ఇక్కడ పని లేకపోలేదు. పార్శిల్ పంపిన వెంటనే దాని సంఖ్య తెలియజేయడం, దుకాణం వేళలు, మగ్గం వస్త్రాన్ని ఉతికే పద్ధతి, చేనేత గుర్తింపుగా 2006లో ప్రవేశపెట్టిన హ్యాండ్‌లూమ్ మార్క్ అంటే ఏమిటో చెప్పడం, దుకాణానికి దారి చూపే పటం, ఇవన్నీ నిశ్చింతగా దానికి అప్పగించవచ్చు. మంత్రాలయం రాఘవేంద్ర స్వామి దర్శనానికి వచ్చే యాత్రికులలో కొందరు ఎమ్మిగనూరు దుకాణం ఆదివారం తెరిచి ఉంటుందా అని మాత్రమే అడుగుతారు. దానికి యజమాని నిద్ర లేవవలసిన అవసరం లేదు.

పత్తికి ధర అడిగితే

ఆదోని యార్డులో పత్తి, వేరుశనగ, ఆముదం అమ్మకానికి వస్తాయి. కర్ణాటక సరిహద్దు గ్రామాల రైతులు కూడా ఇక్కడికే తెస్తారు. యార్డు జాతీయ వ్యవసాయ విపణి ఈ-నామ్‌తో అనుసంధానమై ఉన్నది. కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ ధర ఏ రోజుకారోజు నమోదవుతాయి. వీటిని రైతుల ఫోన్లకు యంత్రం ద్వారా పంపడం తేలిక, ప్రయోజనకరం కూడా. కాని సందేశంలో తేదీ, యార్డు పేరు, సరుకు పేరు తప్పనిసరిగా ఉండవలెను. తేదీ లేని ధర సందేశం ఒక సమూహం నుండి మరొక సమూహానికి పాకి, వారం తరువాత కొత్త ధరగా చలామణి అవుతుంది. పాత్రికేయులు సైతం ధర వార్త రాయడానికి ముందు అట్టి సందేశాన్ని యార్డు లెక్కతో సరిచూసుకోవలసి ఉంటుంది.

రైతు అడిగే ప్రశ్న మాత్రం వేరు. “సేటూ, నా లాటుకు ఎంత పడింది?” అని ఆయన అడుగుతాడు. దానికి యంత్రం ఆ రోజు కనిష్ఠ, గరిష్ఠ ధరలు చెబితే అది జవాబు కాదు. ఆ రెండింటి మధ్య క్వింటాలుకు వేల రూపాయల తేడా ఉన్న రోజున అది రైతును వెక్కిరించినట్లే ఉంటుంది. ఆయన లాటు, ఆయన తూకం, ఆయన కోతలు, ఇవి చెప్పవలసినది మండీ. తూకం పూర్తయి తక్‌పట్టీ తయారైన తరువాత దాని ప్రతిని ఫోటోగా దానంతట అదే పంపే ఏర్పాటు చేసుకుంటే మంచిదే. అందులో బరువు, ధర, హమాలీ, కోతలు అన్నీ విడివిడిగా కనిపించవలెను. కాగితం పంపినది యంత్రమైనా, దానిపై సందేహం వస్తే ఫోను ఎత్తే వ్యక్తి పేరు కూడా అదే సందేశంలో ఉండవలెను.

భారత పత్తి సంస్థ 2025-26 పత్తి సీజను కొరకు ‘కపాస్ కిసాన్’ యాప్‌ను తెచ్చింది. కనీస మద్దతు ధరకు పత్తి అమ్మదలచిన రైతు అందులో నమోదై, తన వంతు తేదీని యాప్‌లోనే ఎంచుకోవలసి ఉంటుంది. ఆ సంవత్సరం మద్దతు ధర పొడవు పింజ రకానికి క్వింటాలుకు 8,110 రూపాయలు, మధ్యస్థ పింజ రకానికి 7,710 రూపాయలు. వంతు నిర్ణయించే పని యంత్రానికి తగినది. బండ్లు రోజుల తరబడి కేంద్రం ముందు నిలిచే ఇబ్బంది తగ్గుతుంది. కాని పత్తిలో తేమ ఎంత అన్నది కేంద్రం వద్దనే తేలుతుంది. తేమ 8 శాతం మించితే ధరలో తగ్గింపు ఉంటుంది, 12 శాతం దాటితే కొనరు. వంతు దొరికిందని సందేశం అందుకుని, బాడుగ బండి కట్టించుకుని వచ్చిన రైతు తేమ కారణంగా వెనుదిరిగితే ఆయనకు ఆ సందేశమే మోసంగా తోస్తుంది. అందువలన మండీలు గాని, జిన్నింగు మిల్లులు గాని రైతులకు వంతు గుర్తు చేసే సందేశాలు పంపేటప్పుడు, పత్తిని ఆరబెట్టి తేవలెనన్న మాట, తేమ హద్దు ఎంతన్న అంకె కూడా చేర్చడం అవసరం. బయలుదేరక ముందు ఒక ఫోను పిలుపు చేస్తే ఇంకా మేలు. వానలు పడిన వారంలో ఈ పిలుపు తప్పనిసరి అనుకోవలెను.

అప్పు విషయం వేరే చెప్పనక్కరలేదు. విత్తనాలకు, ఎరువులకు తీసుకున్న బాకీని గుర్తు చేసే సందేశాలను యంత్రం చేత వరుసగా పంపించడం ఈ ప్రాంతంలో ఏ మండీకీ గౌరవం కాదు.

చదవలేని వారు, వలస వెళ్లినవారు

పశ్చిమ ప్రాంతపు మండలాల నుండి ప్రతి ఏటా వేలాది కుటుంబాలు పత్తి, మిరప కోతలకు గుంటూరు వైపు, నిర్మాణ పనులకు బెంగుళూరు, హైదరాబాదు నగరాలకు వలస వెళతాయి. అటువంటి ఇంటిలో ఫోను ఒకటే ఉండవచ్చు. అది ఊరిలో మిగిలిన అవ్వ దగ్గర గాని, బడికి వెళ్లే పిల్లవాని దగ్గర గాని ఉంటుంది. “1 నొక్కండి, 2 నొక్కండి” అనే పట్టిక అక్కడ నిరుపయోగం. గొంతుతో పంపిన సందేశం ఉపయోగపడుతుంది. ఇక భాష. ఆదోనిలో తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ అంగడి భాషలే. రాసేవారిలో పలువురు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేస్తారు. తెలుగు లిపిలోని పదాలను మాత్రమే గుర్తించేలా అమర్చిన యంత్రం వీరి ప్రశ్నను అర్థం చేసుకోలేక మొదటి స్వాగత సందేశాన్నే మళ్లీ మళ్లీ పంపుతుంది. రెండుసార్లు అర్థం కాకపోతే మూడవసారి యంత్రం తప్పుకుని మనిషికి అప్పగించేలా అమర్చడం ఏ సాంకేతిక సేవా సంస్థకైనా తెలిసిన పనే. అడిగి చేయించుకోవలసినది వ్యాపారి.

పండుగ శుభాకాంక్షలు ఎక్కువ మందికి పంపేటప్పుడు మరింత మెలకువ కావలెను. జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతర జరుగుతుంది. ఊరంతా కదిలే ఆ రోజులలో పరిచయస్థునికి యజమాని పేరుతో వెళ్లే ఒక్క మాటకు విలువ ఉంటుంది. వేల మందికి ఒకే బొమ్మ పంపితే దానిని ఎవరూ తెరిచి చూడరు. అంతకన్నా ఇబ్బందికరమైనది మరొకటి. “మా నాయన పోయినాడు, ఈ నెల పని జరగదు” అని నేతగాడు రాసిన సందేశానికి “మమ్మల్ని సంప్రదించినందుకు ధన్యవాదాలు, మీకు శుభదినం” అని యంత్రం జవాబు పంపడం అసాధ్యమేమీ కాదు. స్వాగత సందేశం ఎవరికి వెళ్లవలెనో ఎంచుకునే వీలు యాప్‌లో ఉన్నది. పేర్లు ఫోనులో నమోదై ఉన్నవారిని మినహాయించవచ్చు. మగ్గం పనివారు, నిత్యం వచ్చే రైతులు, పాత ఖాతాదారుల నంబర్లను నమోదు చేసి ఈ మినహాయింపును అమలు చేస్తే ఈ ఇబ్బంది మొదలంటా తొలగిపోతుంది. యంత్రం కొత్తవారిని పలకరిస్తుంది, తెలిసిన వారిని యజమాని పలకరిస్తాడు.

గంపగుత్త సందేశాలు, చట్టం

అనుమతి లేని సాఫ్ట్‌వేర్‌తో వేలాది నంబర్లకు ఒకేసారి సందేశాలు పంపి పెడతామని ముందుకు వచ్చేవారు ఉంటారు. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో ఒక ప్రసార జాబితాకు 256 మంది హద్దు. అదియును వ్యాపారి నంబరును తమ ఫోనులో నమోదు చేసుకున్న వారికే చేరుతుంది. ఈ హద్దును దాటించే పరికరాలు నిబంధనలకు విరుద్ధం. 2021 సమాచార సాంకేతిక నిబంధనల ప్రకారం వాట్సాప్ ప్రతి నెలా ప్రకటించే నివేదికలలో భారతదేశంలో మూసివేసిన ఖాతాలు లక్షల సంఖ్యలో ఉంటున్నాయి. ఖాతా మూతపడితే పదేళ్లుగా రైతులకు, కొనుగోలుదారులకు తెలిసిన నంబరు పోతుంది. చిన్న వ్యాపారికి ఇది దుకాణం తాళం పోగొట్టుకోవడం వంటిది.

మామూలు ఎస్‌ఎంఎస్ ద్వారా ధరలు, ప్రకటనలు పంపేవారికి టెలికాం నియంత్రణ సంస్థ 2018లో జారీ చేసిన నిబంధనలు వర్తిస్తాయి. పంపేవారి పేరు, సందేశపు నమూనా రెండూ టెలికాం కంపెనీల వద్ద ముందే నమోదై ఉండవలెను.

వ్యక్తుల సమాచారం విషయంలో డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడింది. సమ్మతికి సంబంధించిన ప్రధాన బాధ్యతలు అప్పటి నుండి 18 నెలల గడువు తరువాత అమలులోకి వచ్చేలా నిర్ణయించినారు. చీర పార్శిల్ కొరకు తీసుకున్న చిరునామా వేరు, ప్రకటనలు పంపడానికి సమ్మతి వేరు అన్న సంగతిని వ్యాపారులు ఇప్పటి నుండే గ్రహించవలసి ఉన్నది. “కొత్త చీరలు వచ్చినప్పుడు తెలియజేయమంటారా?” అని ఒకసారి అడిగి, ఔనన్న జవాబును అట్లే ఉంచుకోవడం చాలును. వద్దన్నవారిని ఆ రోజే జాబితా నుండి తొలగించవలెను.

చేనేత జౌళి, మార్కెటింగ్, పరిశ్రమల శాఖల అధికారులు ఈ ప్రాంతంలో నిర్వహించే అవగాహన సదస్సులలో యాప్ పెట్టుకునే పద్ధతితో పాటు, స్వాగత సందేశపు మినహాయింపు, ధర సందేశంలో తేదీ, మనిషికి అప్పగించే ఏర్పాటు, ఈ మూడింటిని ఫోనులోనే చేయించి చూపడం ఉపయుక్తం. ఇందుకు పట్టే సమయం అరగంటకు మించదు. ఒక ఖాతాను ప్రధాన ఫోనుతో పాటు 4 ఇతర పరికరాలకు అనుసంధానించే వీలు ఉన్నందున, గుమాస్తాలు తమ ఫోన్లలో అదే ఖాతాను వాడుతుంటారు. గుమాస్తా పని మానిన రోజున ఆయన పరికరాన్ని ఆ జాబితా నుండి తొలగించడం, స్వయంచాలక సందేశాలలో ఆయన పేరు ఉన్న చోట కొత్తవారి పేరు చేర్చడం యజమాని మరువరాదు. లేనిచో రైతు ఫోను చేసిన నంబరు ఎత్తేవారు ఉండరు, మండీ లెక్కలు మాత్రం మరొకరి చేతిలో తెరిచి ఉంటాయి.